మా రోజుల్లో కాపలావాడికి నిద్ర వచ్చేది

తప్పు చేయనివాడికి కెమెరా అంటే భయమెందుకు తాతయ్యా అంటాడు మా మనవడు. వాడొక్కడే కాదు, ఎవరిని కదిపినా ఇదే మాట. గేటు దగ్గర కెమెరా, లిఫ్టులో కెమెరా, గుడి మెట్ల దగ్గర కెమెరా. పెట్టించుకున్నది మనమే కాబట్టి అది మనకు కాపలాలా కనిపిస్తుంది. అదే కెమెరా పరాయి సైన్యం మన గుమ్మానికి ఎదురుగా బిగించి, అందులో పడిన మన బొమ్మను తన దగ్గరే దాచుకుంటే? తప్పేమిటో, తప్పు చేసినవాడెవడో కూడా ఆ సైన్యమే తేలిస్తే? ఈ ప్రశ్న అడిగితే మా వాడు ఫోన్లో తల దూరుస్తాడు. నాకు మాత్రం కోపం తగ్గదు. ఆ బతుకు బతికిన మనిషితో ఏళ్ళ తరబడి ఒకే పళ్ళెంలో తిన్నవాణ్ణి నేను.

1980ల్లో కువైట్‌లో ఒక నిర్మాణ కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేశాను. మన కడపవాళ్ళు, గోదావరివాళ్ళు అప్పటికే అక్కడ చాలామంది ఉన్నారు. కానీ ఆఫీసుల్లో, బళ్ళలో, ఆస్పత్రుల్లో ఎటు చూసినా పాలస్తీనావాళ్ళే. నాలుగు లక్షల దాకా ఉండేవారు. హవల్లీ పేట మొత్తం వాళ్ళ ఊరిలాగే ఉండేది. మా స్టోర్ పెద్ద అల్ ఖలీల్ నుంచి వచ్చినవాడు. ఇంగ్లీషు పత్రికలు హెబ్రాన్ అని రాసే ఊరు అది. మేమంతా ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం. మనిషి నెమ్మదస్తుడు, లెక్కలో పిన్ను కూడా తేడా రానిచ్చేవాడు కాదు. కానీ మూడేళ్ళ గడువు దగ్గరపడుతోందంటే చాలు, తిండి మానేసేవాడు.

ఆ గడువు సంగతి చెప్తాను. 1967 యుద్ధంలో వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలెం, గాజా ఇజ్రాయెల్ చేతికి చిక్కాయి. ఆ ఏడాదే కొన్నాళ్ళకు ఇంటింటికీ వెళ్ళి జనాభా లెక్క రాశారు. అప్పుడు ఊళ్ళో ఉన్నవాడికి పేరు, నంబరు, గుర్తింపు కార్డు. చదువుకో, కూలికో పై దేశం వెళ్ళినవాడు, యుద్ధానికి భయపడి జోర్డాన్ నది దాటినవాడు లెక్కలో లేడు. లెక్కలో లేనివాడికి సొంత ఊరు కూడా లేదు. ఉన్నవాడికైనా బయటికి వెళ్ళాలంటే ఆ నది మీది అలెన్‌బీ వంతెన దగ్గర ఆ కార్డు అప్పగించి, మూడేళ్ళు చెల్లే కాగితం ఒకటి పుచ్చుకోవాల్సి వచ్చేది. గడువు పెంచుకునే దారి ఉండేది గానీ, అదీ దాటితే పుట్టిన ఊళ్ళో ఉండే హక్కు పోయినట్టే. ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు, నోటీసు పంపేవాళ్ళు కాదు. 1967 నుంచి 1994 దాకా ఇలా సుమారు 1,40,000 మంది వెస్ట్ బ్యాంక్‌వాళ్ళ హక్కు చెరిపేశారని 2011లో గానీ లోకానికి తెలియలేదు. హమోకెద్ అనే ఇజ్రాయెలీ సంస్థే అడిగి అడిగి ఆ లెక్క బయటికి తీయించింది.

మా ఉస్తాద్ సెలవంతా ఆ వంతెన మీదే కరిగిపోయేది. బూట్లు విప్పించి పట్టుకుపోతారు, పెట్టెలో బట్టలన్నీ పరిచి చూస్తారు, పిల్లల బొమ్మలు కూడా విప్పి చూస్తారు. ఎక్కడికి, ఎవరింటికి, మీ బావమరిది ఏ పార్టీ అని అడుగుతారు. తిరిగొచ్చాక ఆయన చెప్పే కథలు విని మేం నవ్వేవాళ్ళం కాదు. అయితే వాటన్నిటిలోనూ ఒక మనిషి ఉండేవాడు. ప్రశ్నలడిగే సైనికుడికి మధ్యాహ్నానికి నీరసం వచ్చేది. చూసిన సంచినే మళ్ళీ చూసేవాడు, చూడాల్సింది మరిచిపోయేవాడు. ముసలమ్మ గట్టిగా అరిస్తే విసుగుపుట్టి పో పొమ్మనేవాడు. కాగితం మీద పేరు తప్పు రాసేవాడు, ఆ తప్పే ఒక్కోసారి ఒకడికి దారి ఇచ్చేది.

మా రోజులు మంచివని నేననడం లేదు. ఈ గణన, ఈ దస్త్రాలు 1967లో పుట్టినవి కూడా కావు. ఇజ్రాయెల్ ఏర్పడక ముందే, 1940ల్లో, హగనా అనే యూదు సాయుధ సంస్థ గూఢచారులు ఒక్కో పాలస్తీనా ఊరికి ఒక్కో ఫైలు కట్టారు. బావి ఎక్కడుంది, దారి ఎటు, పెద్దమనిషి ఎవరు, ఎవరి మధ్య తగాదా ఉంది, అన్నీ రాసుకున్నారు. సైన్యం వచ్చాక 1967 ఆగస్టులో 101వ నంబరు ఉత్తర్వు ఇచ్చి, రాజకీయం మాట్లాడడానికి పదిమందికి మించి చేరాలంటే అనుమతి తీసుకోవాలంది. ఇన్ఫార్మర్ల వ్యవస్థ మరీ పాడు పని. కూలికి వెళ్ళే పర్మిట్ కావాలన్నా, జబ్బు మనిషిని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాలన్నా, కెప్టెన్ ఫలానా అని అరబ్బీ మారుపేరు పెట్టుకున్న ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ షిన్ బెట్ అధికారి ఎదురుగా కూర్చోబెట్టి, నాకో సాయం చెయ్యి అనేవాడు. ఒప్పుకున్నవాడు ఊరికి దూరం, ఒప్పుకోనివాడు పనికి దూరం. 1987లో మొదలైన ఇంతిఫాదా అనే తిరుగుబాటులో, ఇన్ఫార్మర్లన్న అనుమానం మీద సొంతవాళ్ళే వందల మందిని చంపారు. అందులో ఎందరు ఏ పాపం ఎరగనివాళ్ళో ఎవరు చెప్పగలరు?

ఇంత చెడ్డ రోజుల్లోనూ మనిషికి దాక్కునే చోటు ఉండేది. ఇంతిఫాదా రోజుల్లో రాత్రికి రాత్రి కరపత్రాలు వీధుల్లో పడి ఉండేవి. రేపు సమ్మె, ఎల్లుండి దుకాణాలు మధ్యాహ్నం దాకానే అని అందులో ఉండేది. తెల్లారేసరికి ఊరంతా పాటించేది. రాసినవాడెవడో, పంచినవాడెవడో సైన్యం వెతుకుతూనే ఉండేది. 1989లో గాజా నుంచి ఇజ్రాయెల్‌లోకి పనికి వెళ్ళేవాళ్ళకు అయస్కాంతపు కార్డులు తెచ్చారు. ఉద్యమం పిల్లలు ఇల్లిల్లూ తిరిగి వాటిని తీసుకుపోయారు. ఆ కార్డు కథ విన్నప్పుడు మా ఉస్తాద్, ఇక ముందు వాళ్ళకు మనిషితో పని ఉండదు అన్నాడు. ఏదో బాధలో అన్నాడనుకున్నాను. ఆ మరుసటి ఏడాది సద్దాం సేనలు కువైట్‌లోకి వచ్చాయి. మేం అమ్మాన్ దారి పట్టి ఇల్లు చేరాం. యుద్ధమయ్యాక అక్కడి పాలస్తీనావాళ్ళలో చాలామందిని కువైట్ వెళ్ళగొట్టింది. ఆయన ఎటు వెళ్ళాడో మళ్ళీ కబురు లేదు.

ఇప్పుడు ఆయన ఊరు ఎలా ఉందో చదువుతుంటే కడుపు రగులుతుంది. 1994 ఫిబ్రవరి 25న ఇబ్రహీమీ మసీదులో నమాజు చేస్తున్నవాళ్ళ మీద ఆక్రమిత నేలలో వచ్చి స్థిరపడిన ఒక యూదు సెటిలర్ తుపాకీ పేల్చి 29 మందిని చంపాడు. చచ్చింది పాలస్తీనావాళ్ళు, ఆంక్షలు పడింది కూడా పాలస్తీనావాళ్ళ మీదే. నిండుగా సాగే బజారు, షుహదా వీధి, క్రమంగా వాళ్ళకు మూసేశారు. 1997 ఒప్పందంలో ఊరిని రెండు ముక్కలు చేశారు. హెచ్‌2 అనే ముక్క సైన్యం చేతిలో ఉండిపోయింది. అందులో ముప్పై వేలకు పైగా పాలస్తీనావాళ్ళు, కొన్ని వందల మంది సెటిలర్లు. ఆ కొన్ని వందల మంది కోసం మిగతా అందరి ముఖాలూ లెక్కలోకి ఎక్కాయి.

ఎలాగంటే, సైనికుల ఫోన్లలో బ్లూ వుల్ఫ్ అని ఒక యాప్. దారిన పోయేవాణ్ణి ఆపి ఫోటో తీస్తే, ఆ మనిషి వివరాలు వచ్చి, ఆపాలా, పట్టుకోవాలా, పోనివ్వాలా అన్నది రంగుతో చూపిస్తుంది. ఈ యాప్‌కు ముఖాలు కావాలి కదా. అందుకని ఎవరు ఎక్కువ ఫోటోలు తీస్తే వాళ్ళకు బహుమతి అని సైనిక దళాల మధ్య పోటీ పెట్టారు. ముసలివాళ్ళను తీశారు, పిల్లలను తీశారు. ఇది పాలస్తీనావాళ్ళ ఆరోపణ కాదు. ఆ పని చేసిన ఇజ్రాయెలీ సైనికులే బ్రేకింగ్ ద సైలెన్స్ సంస్థకు చెప్పుకున్నారు, 2021 నవంబరులో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఏ నేరమూ లేని ఇళ్ళలోకి అర్ధరాత్రి వెళ్ళి, నిద్ర లేపి, గదులు కొలిచి, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి ఫోటో తీసే అలవాటు కూడా ఉండేది. కోర్టులో కేసు నడుస్తుంటే 2021లో దాన్ని చాలావరకు ఆపుతామని సైన్యం ఒప్పుకుంది. ఆపగలిగిందంటే అది అవసరమై చేసిన పని కాదనే కదా అర్థం.

ఆ తర్వాత సైనికుడు ఫోన్ ఎత్తాల్సిన పని కూడా తప్పింది. రెడ్ వుల్ఫ్ వచ్చింది. 2023 మేలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ దీన్ని బయటపెట్టింది. షుహదా వీధిలోకి, తెల్ రుమైదా పేటలోకి పోవాలంటే 56వ నంబరు చెక్‌పాయింట్ దాటాలి. అక్కడి కెమెరా ముఖం చూస్తుంది, జాబితాలో వెతుకుతుంది. కొత్త ముఖమైతే అడగకుండానే ఎక్కించుకుంటుంది. అలా ఎక్కించుకున్నా, అంతకు ముందు జాబితాలో లేని మనిషిని ఆ దారిన పోనివ్వరు, అది ఆ మనిషి ఇంటి దారే అయినా సరే. పక్క వీధి సెటిలర్‌కు ఈ గేటు లేదు, ఈ జాబితా లేదు. ఇద్దరూ ఒకే ఊళ్ళో నీళ్ళు తాగుతారు. ఒకడికి ఇజ్రాయెల్ పౌర చట్టం, ఇంకొకడికి సైనిక చట్టం. అదే చెక్‌పాయింట్ మీద 2022లో దూరం నుంచి గురిపెట్టే యంత్రం ఒకటి బిగించారు. బాష్పవాయువూ, స్పాంజి తూటాలూ పేల్చగలది. మా రోజుల్లో తుపాకీ పట్టినవాడు కనీసం ఎదురుగా నిలబడేవాడు.

కెమెరాలు చెక్‌పాయింట్ల దగ్గరే ఆగలేదు. కప్పుల మీద, స్తంభాల మీద, కిటికీలకు ఎదురుగా. వాకిట్లో పిల్లల్ని ఆడుకోనివ్వడం మానేశామనీ, చుట్టాలొస్తే కూర్చుని మాట్లాడుకోవడం కూడా ఇబ్బందిగా ఉందనీ అక్కడివాళ్ళు విలేఖరులకు చెప్పారు. నాకు దీనంత బాధ ఇంకే వివరం చదివినా కలగలేదు. మూడు తరాలుగా పరాయి సైన్యం కింద బతికినవాళ్ళకు మిగిలింది ఇంటి లోపలి నాలుగు గోడలే. అవీ పోయాయి.

జెరూసలెం పాతబస్తీ సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చదరపు కిలోమీటరు కూడా ఉండని ఆ చోట 2000లోనే మబాత్ 2000 పేరుతో వందల కెమెరాలు దిగాయి. తర్వాత అక్కడా, పక్క పేట షేక్ జర్రాలోనూ తిరిగి చూసిన ఆమ్నెస్టీవాళ్ళు ఐదేసి మీటర్లకు ఒకటి రెండు లెక్కపెట్టారు.

మా వాడు అడ్డుపడతాడు. యంత్రం వచ్చాక లైను తొందరగా కదులుతోందట కదా తాతయ్యా అని. నిజమే. జెరూసలెంకు వెళ్ళే దారిలోని ఖలందియా చెక్‌పాయింట్ దగ్గర తెల్లవారుజామున ఇనుప జాలీల మధ్య గంటల తరబడి నలిగిన కూలీలు, 2019లో కొత్త గేట్లు వచ్చాక కార్డు ఆనించి, కెమెరాకు ముఖం చూపి నిమిషాల్లో దాటసాగారు. ఆ నిమిషాలు వాళ్ళకు విలువైనవే, కాదనను. కానీ ఆ గేటు పెట్టింది వాళ్ళ ఇంటికీ పనికీ మధ్య. తాళం వేగంగా తిరుగుతోందని సంతోషించమంటే ఎలా? ఆ గేట్లకు ముఖాలు గుర్తుపట్టే సరుకు ఇచ్చిన ఎనీవిజన్ అనే ఇజ్రాయెల్ కంపెనీలో మైక్రోసాఫ్ట్ పెట్టుబడి పెట్టింది. గొడవ లేచాక 2020 మార్చిలో వెనక్కి తీసుకుంది. కరోనా వచ్చినప్పుడు పర్మిట్ సంగతి తెలుసుకోవాలంటే అల్ మునస్సిక్ యాప్ వేసుకోమన్నారు. ఫోన్ ఎక్కడుందో, అందులో ఏ ఫైళ్ళున్నాయో చూసుకునే హక్కు దాని షరతుల్లోనే రాసుకున్నారు. హమోకెద్ కోర్టుకెక్కితే గానీ ఆ షరతులు మారలేదు.

ఇన్ఫార్మర్ల పని కూడా మారింది. ఎవరి బలహీనత ఏమిటో కెప్టెన్ వెతికి కనుక్కోవాల్సిన పని తగ్గింది, ఫోన్ చెప్పేస్తుంది. వెస్ట్ బ్యాంక్ గాలిలో తరంగాలు కూడా ఇజ్రాయెల్ అదుపులోనే ఉంటాయి. 3జీ ఇవ్వడానికే 2018 జనవరి దాకా ఆగింది. వినడానికి మాత్రం ఏ రోజూ ఆలస్యం లేదు. 8200 అనే సైనిక గూఢచారి యూనిట్‌లో పనిచేసిన 43 మంది 2014 సెప్టెంబరులో బహిరంగంగా లేఖ రాశారు. పాలస్తీనావాళ్ళ మీద ఈ పని ఇక చేయం అన్నారు. ఏ తప్పూ చేయనివాళ్ళ అప్పులు, జబ్బులు, పడకగది సంగతులు పోగుచేసి, వాటితో బెదిరించి ఇన్ఫార్మర్లుగా మార్చుకుంటున్నారని వాళ్ళే చెప్పారు. మా మనవడి ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు నా దగ్గర లేదు. తప్పు చేయనివాణ్ణి వెతికి పట్టుకోవడానికే ఆ చెవి పెట్టారు. చట్టం పుస్తకాలు పట్టుకుని పోరాడేవాళ్ళనూ వదల్లేదు. 2021 నవంబరులో ఆరుగురు పాలస్తీనా హక్కుల కార్యకర్తల ఫోన్లలో పెగాసస్ అనే గూఢచర్య సాఫ్ట్‌వేర్ దొరికింది.

ఇజ్రాయెలీలకు భయం లేదని నేననను. బస్సుల్లో, కాఫీ హోటళ్ళలో బాంబులు పేలి వాళ్ళ పిల్లలు చనిపోయిన సంవత్సరాలు నాకు గుర్తున్నాయి. 2023 అక్టోబరు 7న హమాస్ సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని ఎత్తుకుపోయింది. దాన్ని సమర్థించే నోరు నాకు లేదు. కానీ అదే రోజు ఇంకోటి తేలింది. గాజా చుట్టూ కెమెరాలు, రాడార్లు, సెన్సర్లతో 65 కిలోమీటర్ల కంచె 2021 డిసెంబరులో పూర్తయింది. పైన పగలూ రాత్రీ డ్రోన్లు. ఆ రొదకు గాజావాళ్ళు జనానా అని పేరు పెట్టుకున్నారు. లోకంలో అంత కాపలా ఉన్న నేల ఇంకోటి లేదేమో. ఆ కాపలా తన వాళ్ళను కాపాడలేకపోయింది. ఆ తర్వాత వచ్చింది మరీ ఘోరం. లావెండర్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ ఒక దశలో 37,000 మంది పాలస్తీనావాళ్ళను మిలిటెంట్లని గుర్తుపెట్టిందనీ, పదింట ఒకటి తప్పవుతుందని తెలిసీ ఒక్కో పేరును ఇరవై సెకన్లు చూసి బాంబుకు ఒప్పుకునేవారనీ, 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెలీ విలేఖరి యువల్ అబ్రహాం ఆ పని చేసిన ఇజ్రాయెలీ గూఢచారి అధికారుల మాటలతోనే రాశాడు. యంత్రం మనుషులను ఎంచదు, విశ్లేషకుడికి సాయం మాత్రమే చేస్తుందని సైన్యం అంది. ఇరవై సెకన్లలో ఏ విశ్లేషణ జరుగుతుంది? మా స్టోర్స్‌లో మేకుల డబ్బా లెక్క తేలడానికే అంతకంటే ఎక్కువసేపు పట్టేది.

ముసాబ్ అబూ తోహా అని గాజా కవి ఉన్నాడు. 2023 నవంబరులో భార్యాబిడ్డలతో దక్షిణానికి నడిచి వెళ్తుంటే చెక్‌పాయింట్ దగ్గర గుంపులోంచి బయటికి పిలిచి, కళ్ళకు గంతలు కట్టి తీసుకెళ్ళి కొట్టారు. రెండు రోజులకు వదిలేశారు. గుంపుల్లో ముఖాలు ఏరడానికి గాజాలో కెమెరాలు, కంప్యూటర్లు వాడారని, ఆయన అలా చిక్కినవాడేనని న్యూయార్క్ టైమ్స్ రాసింది. కవి కాబట్టి లోకం అడిగింది, బయటపడ్డాడు. పేరు లేనివాడి సంగతి?

ఇదంతా ఎక్కడో జరిగేదని మనవాళ్ళు అనుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇజ్రాయెల్ బయట హెర్మెస్ 900 డ్రోన్లు చేసే మొదటి ఫ్యాక్టరీ 2018 డిసెంబరులో తెరిచింది మన హైదరాబాద్‌లో. అదానీ, ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీ ఎల్బిట్ కలిసి పెట్టింది. అక్కడి నుంచి ఇజ్రాయెల్‌కు డ్రోన్లు వెళ్ళాయని 2024లో వార్తలొచ్చాయి. ముఖాలు స్కాన్ చేయడం ఆపమంటూ ఆమ్నెస్టీ చేసిన ప్రచారంలో పాలస్తీనాతో పాటు హైదరాబాద్ పేరు కూడా ఉంది. 2021 లాక్‌డౌన్‌లో మన పోలీసులు రోడ్డు మీద ఒక సామాజిక కార్యకర్తను ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన తీయలేదు, అయినా ఫోటో తీశారు. ఆ ఫోటో ఏం చేశారో చెప్పమని ఆయన హైకోర్టుకెళ్ళాడు. మనకు అడగడానికి హైకోర్టు ఉంది. ఖలీల్‌వాడికి ఉన్నది సైనిక కోర్టు.

ఇంకోటి కూడా ఉంది, అది చెప్పడం నాకు కష్టం. సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ పెద్ద అయిన రోజు మా వీధిలో స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను. 2025 ఆగస్టులో గార్డియన్, ఇజ్రాయెలీ పత్రికలతో కలిసి ఒక కథనం రాసింది. 2021 చివర్లో 8200 యూనిట్ అధిపతి అమెరికా వెళ్ళి నాదెళ్ళను కలిశాడనీ, ఆ తర్వాత పాలస్తీనావాళ్ళ ఫోన్ కాల్స్ గుట్టలు గుట్టలుగా మైక్రోసాఫ్ట్ అజూర్ క్లౌడ్‌లోకి, నెదర్లాండ్స్, ఐర్లాండ్ సర్వర్లలోకి చేరాయనీ. గంటకు పది లక్షల కాల్స్ అన్నది ఆ యూనిట్ వాళ్ళ నోట నానిన మాటట. అందులో పెట్టేది ఏమిటో నాదెళ్ళకు తెలియదని కంపెనీ అంది. తెలియకపోయి ఉండవచ్చు. కానీ సొంత ఉద్యోగులు అంతకు ముందు నుంచే ఆవరణలో నిలబడి అడుగుతున్నారు. వాళ్ళలో కొందరికి ఉద్యోగాలు పోయాయి. సెప్టెంబరు 25న కంపెనీ విచారణ చేసుకుని, ఆ యూనిట్‌కు కొన్ని సేవలు ఆపేసింది. ఆలోగానే ఆ డేటాను తరలించారనీ, ఇంకో కంపెనీ క్లౌడ్‌లో పెట్టే ఆలోచనలో ఉన్నారనీ గార్డియనే రాసింది.

మా మనవడు చేసేదీ క్లౌడ్ పనే. ఇవన్నీ పైవాళ్ళు చూసుకుంటారు, మా చేతుల్లో ఏముంటుంది తాతయ్యా అంటాడు. 8200లో పనిచేసిన ఆ 43 మంది చేతుల్లో ఎలా ఉంది మరి? వాళ్ళది సైన్యం, నీది ఉద్యోగం. వాళ్ళు దేశద్రోహులన్న మాట పడ్డారు, నువ్వు పడేది మహా అయితే మేనేజర్ చీవాట్లు. నువ్వు రాసేది ఎవరు కొంటున్నారు, కొని ఎవరి మీద వాడుతున్నారు? ఈ రెండూ సోమవారం ఆఫీసుకు వెళ్ళాక అడుగు. చెప్పం అంటే మళ్ళీ అడుగు.